నాగార్జునకొండ దీవిలో ఒకనాడు

హైదరాబాదు పాతనగరవాసులకు సముద్రము బహుదూరము. దీవి యనగానే వారికి భూగోళశాస్త్ర పుస్తకములోని పటములే స్ఫురించును. అయినను పరస్థలములకు పోవుటకై వారు బస్సెక్కెడి ఇమ్లీబన్ ప్రాంతము మూసీనది నడుమనున్న లంకయే. ఆ పేరునకు చింతతోపు అని అర్థము. నిత్యము అక్కడ ఎక్కి దిగు వేలకొలది జనులలో ఈ సంగతిని తలచువారు కొద్దిమందియే యుందురు.

ఒక మార్గశిరమాసపు ఆదివారమున, తెల్లవారకముందే, నలుగురు మిత్రులు ఆ లంకనుండి వేరొక దీవికి బయలుదేరిరి. నలుగురును శాలిబండలో ఒకే గల్లీలో పెరిగినవారు. ఒకడు లాడ్ బజారులో లక్కగాజులు చేయువాడు. ఒకడు పత్తర్‌గట్టిలో బట్టల దుకాణపు గుమాస్తా. మూడవవాడు ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడు. నాల్గవవాడు కళాశాలలో చరిత్ర చదువుచుండెను; యాత్రకు అందరిని పురికొల్పినవాడు ఇతడే. కాని గాజుల పనివానికి మాత్రము వేరొక అవసరము కలదు.

లక్కను బొగ్గుల కుంపటిపై కాచి, మెత్తబడినంతనే సాగదీసి, వలయముగా చుట్టి, వేడి చల్లారకముందే అద్దపు బిళ్ళలను రంగురాళ్ళను పొదుగుట అతని వృత్తి. హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించెను. అంతమాత్రమున పనివాని కుంపటి వెలుగునా? చవుక గాజులు బజారు నిండుచుండగా దుకాణదారుడు, "రంజాను నాటికి క్రొత్త నమూనా తెమ్ము. లేనిచో నీకు పని ఇయ్యజాలను" అని చెప్పియుండెను. నాగార్జునకొండ శిల్పములలో స్త్రీల ముంజేతులు గాజులతో నిండియుండునని మిత్రుడు చెప్పగా, అతడు ఒక నోటుపుస్తకమును పెన్సిలును సంచిలో వేసికొని కదలెను.

అతనికి నీరన్నచో భయము. దానికి కారణము దాదీ చెప్పిన కథలు. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరముపై బడి వేలకొలది ప్రాణములను బలిగొనెను. ఆనాడు అఫ్జల్‌గంజ్ వద్ద ఒక చింతచెట్టు నెక్కి 150 మందికి పైగా బ్రతికిరి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చెట్టు అదియే. దాదీ అత్తగారు ఆ వరదను కన్నులార చూచినదట. "చెట్టు కనబడని నీటిమీదికి పోకు, బేటా" అని దాదీ తరచు చెప్పుచుండెడిది.

ఇబ్రహీంపట్నము, మాల్ మీదుగా దాదాపు 150 కిలోమీటర్లు సాగిన ప్రయాణమును గూర్చి చెప్పవలసినది పెద్దగా లేదు. గుమాస్తా దారిపొడవున నిద్రించెను. నాగార్జునసాగరము కనబడగానే అందరును లేచి కిటికీల వద్ద నిలిచిరి. 1955 డిసెంబరు 10న పండిత జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట 124 మీటర్ల యెత్తున, 26 గేట్లతో, కొండకును కొండకును నడుమ నిలిచియున్నది. అది ముఖ్యముగా రాతికట్టడము. వేలకొలది కూలీలు రాళ్ళు మోసి పేర్చిన గోడ యది. 1967 ఆగస్టు 4న శ్రీమతి ఇందిరాగాంధి దాని కాలువలకు నీరు విడిచెను.

కుడిగట్టున విజయపురిలో లాంచీ యెక్కిరి. గాజుల పనివాడు ప్రాణరక్షక కవచమును ధరించి, మిత్రుని చేత మరియొకమారు ముడి వేయించుకొని, సరంగు ప్రక్కనే కూర్చుండెను. సరంగు అరువది యేండ్ల వృద్ధుడు. కొంతదూరము పోయిన పిమ్మట అతడు నీటివైపు చూపి, "ఈ లోయలోనే పుల్లారెడ్డిగూడెమని ఊరుండేది, బాబూ. మా నాయనమ్మది ఆ ఊరే. చేలో పద్మము చెక్కిన రాయి ఉండేదట. దాని మీద కూర్చుండి జొన్నకంకులు కొట్టేవారట" అనెను. గాజుల పనివాడు నీటిలోనికి తొంగిచూడలేదు గాని, ఆ మాటను మాత్రము మరువలేదు.

ఆ నీటి అడుగున ఒక్క పల్లెయే కాదు, ఒక రాజధానియు కలదు. క్రీస్తుశకము 3వ శతాబ్దమున ఇక్ష్వాకు రాజులు ఇక్కడ విజయపురమును ఏలిరి. మొదటి రాజగు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధము చేసినవాడు. అతని సోదరి శాంతిశ్రీ బౌద్ధులకు మహాచైత్యమును నిర్మింపజేసెను. అన్న వైదికమును, చెల్లెలు బౌద్ధమును ఆదరించిన ఆ రాజకుటుంబము ముచ్చట గొలుపును. సింహళదేశపు భిక్షువులకు ఇక్కడ ప్రత్యేకముగా విహారముండెను.

పిదప ఆ నగరము మట్టిలో గలిసెను. సూరపరాజు వెంకటరామయ్య అను స్థానికోపాధ్యాయుడు ఒక ప్రాచీన స్తంభమును చూచి ప్రభుత్వమునకు తెలుపగా, 1926లో శాసనపరిశోధకులు వచ్చి చూచిరి. లాంగ్‌హర్స్టు త్రవ్వకములు సాగించెను. ఆనకట్ట కట్టుట నిశ్చయమైన పిమ్మట 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యమున లోయయంతయు త్రవ్విరి. ఇటుక ఇటుకగా, రాయి రాయిగా ముఖ్యమైన కట్టడములను ఊడదీసి, కొన్నింటిని కొండ నెత్తికిని, కొన్నింటిని అనుపు అను చోటికిని చేర్చిరి. ఆ కొండ నెత్తియే నేటి దీవి. పొలములకు నీరు రావలె ననుటయు నిజమే, నగరము నిలువవలె ననుటయు నిజమే. ఆ ఆరేండ్లును పలుగు పట్టినవారి మనస్సు ఎట్లుండెనో ఊహింపవలసినదే.

గంటసేపటికి దీవి చేరిరి. 1966లో ఏర్పడిన ప్రదర్శనశాలలో సున్నపురాతి శిల్పములు బారులు దీరియున్నవి. నిలువెత్తు బుద్ధవిగ్రహము ముందు ఉపాధ్యాయుడు చాలసేపు నిలిచెను. గాజుల పనివాడు విగ్రహమును ఒకమారు చూచి, ఆపై చేతులనే చూడసాగెను. రాణుల చేతులు, దాసీల చేతులు, పూలు చల్లు దేవతల చేతులు. మణికట్టు మొదలు మోచేతి దగ్గరి వరకు వరుసలు! నడుమ వెడల్పు గాజు, అటునిటు సన్ననివి. అర్ధపద్మముల పట్టీలను, తీగెల మెలికలను అతడు త్వరత్వరగా గీసెను. ఇరువది పుటలు నిండెను.

భోజనానంతరము మిగిలినవారు పాతకోట గోడలను చూడబోయిరి. అతడు మాత్రము తిరిగి నిలిపిన స్నానఘట్టపు మెట్లపై గూర్చుండి బొమ్మలు సరిదిద్దుకొనుచుండెను. తిరుగు లాంచీకి కూత వినబడగానే లేచి పరుగెత్తబోయి, మెట్టుమీద కాలు మడతబడి కూలెను. పుస్తకము ఎగిరి పడెను. చీలమండ క్షణములో వాచెను.

రేవువద్ద ముగ్గురే కలిసికొనిరి. అదియే ఆనాటి కడపటి లాంచీ. సాయంకాలపు గాలి మొదలయ్యెను. ప్రయాణికులలో గొణుగుడు బయలుదేరెను. గుమాస్తా సరంగునకు చేతులు జోడించి, "అన్నా, మావాడు రాలేదు. వాడు లేనిదే మేము ఎక్కము" అనెను. సరంగు ఆకాశము వంక చూచి, "పది నిమిషాలు, నాయనా. ఆపైన గాలి నా మాట వినదు" అనెను.

గుమాస్తా రేవులో నిలిచెను. ఇద్దరును వెనుకకు పరుగెత్తిరి. స్నానఘట్టము వద్ద వానిని కనుగొని లేవదీయగా, వాడు ముందుగా అడిగినది పుస్తకమునే. చరిత్ర విద్యార్థి కోపించి, "కాలు చూచుకోరా!" అని కేకవేసి, వెంటనే పొదలోనుండి పుస్తకమును తీసి తన చొక్కాలో దోపుకొనెను. ఇద్దరును వాని చేతులను భుజములపై వేసికొని, ఒంటికాలిపై గెంతించుచు కొండ దింపిరి. వారు వచ్చునప్పటికి పది నిమిషములు ఎప్పుడో దాటెను. సరంగు గడియారమునకు వీపు త్రిప్పి కూర్చుండియుండెను.

నడుమ సాగరములో గాలి హెచ్చెను. అలలు ప్రక్కనుండి కొట్టగా నీరు లోపలికి చిమ్మెను. సరంగు వేగము తగ్గించి, లాంచీ ముక్కును అలలకెదురుగా త్రిప్పి, వంకరదారిని మెల్లగా నడిపెను. మాటలు ఆగిపోయెను. గాజుల పనివాడు పుస్తకమును కవచములోపల రొమ్మునకు అదుముకొని, నలుదిక్కుల చూచెను. ఎక్కడను చెట్టు కనబడలేదు. ఉపాధ్యాయుడు వాని మణికట్టును విడువక పట్టుకొనియుండెను. గట్టు చేరునప్పటికి చీకటి పడెను.

దిగునప్పుడు సరంగు, "అంత పట్టుకొచ్చినది ఏముంది బాబూ అందులో?" అని అడిగెను. గాజుల పనివాడు పుస్తకము విప్పి దీపము క్రింద ఒక్కొక్క పుటను త్రిప్పెను. పద్మమున్న పుటవద్ద వృద్ధుడు వ్రేలుంచి చాలసేపు చూచెను. ఆ నమూనాయే గాజునకు అన్నింటికంటె తగినదని మిత్రులందరికిని తెలియును. పనివాడు ఆ పుటను మెల్లగా చింపి సరంగు చేతిలో పెట్టి, కుంటుచు బస్సువైపు నడచెను. బస్సు కదలినంతనే పెన్సిలు తీసి, కుదుపుల నడుమనే, జ్ఞాపకమున్నంత మేరకు మరల మొదటి రేకును గీయ నారంభించెను.