పాత జీపు

యుద్ధము ముగిసిన పిదప తుపాకులు ఆయుధాగారములకు మరలిపోయినవి. ఫిరంగులు కొన్ని ఊరి కూడళ్ళలో అలంకారములై నిలిచినవి. జీపు మాత్రము పల్లెకు వచ్చి పనికి కుదిరినది.

తెలుగు పల్లెలకు ఈ బండి బాగుగా పరిచితము. 1952లో సమాజాభివృద్ధి పథకము ఆరంభమైన తరువాత బ్లాకు అధికారులు జీపులలో తిరుగజొచ్చిరి. బండి రాకను దుమ్ము ముందుగా తెలిపెడిది. ఆ దుమ్ములో పడి పిల్లలు వెంట పరుగెత్తెడివారు. ఎన్నికలు వచ్చినచో మైకు కట్టుకొని వాడవాడల తిరిగినదియు ఆ బండియే. బొంబాయిలో మహీంద్రావారు కూర్చి అమ్మిన ఆ జీపులకు తాతవంటిది రెండవ ప్రపంచయుద్ధము నాటి సైనిక జీపు.

దాని పుట్టుక విచిత్రమైనది. 1940 జూలైలో అమెరికా సైన్యము 135 సంస్థలకు ఒక పిలుపు పంపెను. ఇంజను బలము నాలుగు చక్రములకును అందవలెను; బండి తేలికగా నుండవలెను; మొదటి నమూనా 49 దినములలో సిద్ధము కావలెను. ఆ గడువునకు ఒప్పుకొన్నది పెన్సిల్వేనియాలోని బాంటమ్ అను చిన్న సంస్థ ఒక్కటియే. అది మాట నిలుపుకొని సెప్టెంబరులో బండిని అప్పగించెను. అయినను పెద్ద ఆర్డరులు విల్లీస్, ఫోర్డు సంస్థలకు దక్కినవి. నారు పోసినది ఒకరు, పంట కోసినది వేరొకరు. 1945 నాటికి ఆ రెండు సంస్థలును కలిసి ఆరు లక్షలకు పైగా జీపులను తయారుచేసెను. యుద్ధము సాగినన్నాళ్ళు నడచిన చాలునన్నట్లు ఆదరాబాదరాగా పుట్టిన బండి యది. అట్టి దానిని 80 ఏండ్ల తరువాత వెదకి కొని, తుప్పు వదలించి, మొదటి రూపమునకు తెచ్చుటకై తమ సెలవు దినములను, సొమ్మును ధారపోయువారు నేడు అనేక దేశములలో కలరు.

ఈ అభిరుచిలో కొనుటయే మొదటి పరీక్ష. యుద్ధానంతరము అమెరికా పత్రికలలో, పెట్టెలో కట్టిన క్రొత్త జీపు 50 డాలర్లకే దొరకునని ప్రకటనలు వచ్చెడివి. ఆశపడి డబ్బు పంపిన వారికి చేరినది జీపు కాదు. మిగులు సామాను కొను విధమును తెలుపు చిన్న పుస్తకము! ఇప్పటి మోసములు ఇంకను సూక్ష్మమైనవి. కనుక అనుభవజ్ఞులు మెరుగును చూడరు, గుర్తులను చూతురు. యుద్ధకాలపు జీపు ముందుభాగమున సాధారణముగా 9 నిలువు చీలికలుండును. 1945లో పౌరులకొరకు వెలువడిన జీపునకు 7 మాత్రమే. సైనిక జీపు దీపములను వెనుకకు త్రిప్పవచ్చును. చీకటిలో ఇంజను మరమ్మతు చేయుటకు అవియే వెలుతురు. పెట్రోలు టాంకి డ్రైవరు ఆసనము క్రింద నుండును. ఫోర్డు సంస్థ తాను చేసిన భాగములపై, తుదకు బోల్టుల తలలపై కూడ, తన పేరులోని మొదటి ఇంగ్లీషు అక్షరమైన ‘ఎఫ్’ను ముద్రించెను. ఒక్క బోల్టు కొరకు నెలల తరబడి ఎదురుచూచువారున్నారన్న నవ్వు వచ్చును గాని, వారు నవ్వరు.

విజయవాడలో ఒక విశ్రాంత డ్రైవరు కలడు. 30 ఏండ్లు ప్రభుత్వ కార్యాలయపు జీపు నడిపినవాడు. పదవీ విరమణ చేసినప్పుడు చేతికి వచ్చిన సొమ్ములో కొంత తీసి, నూజివీడు ప్రాంతమున ఒక మామిడితోటలో చిరకాలముగా పడియున్న జీపును కొనెను. “ముప్పై ఏళ్ళు తోలినది చాలలేదటండీ?” అని భార్య అడిగినది. అతడు బదులు పలుకలేదు. చట్రము మీది అంకెలను, ఇంజను మీది అంకెలను కాగితములతో మాత్రము రెండు మారులు సరిచూచుకొనెను. అవి కలియనిచో బండి ఎంత చక్కనిదైనను రోడ్డునకు పనికిరాదని అతనికి తెలియును.

బండిని ఆటోనగరులోని ఒక షెడ్డునకు చేర్చిరి. టైర్లు లేవు. అడుగు రేకు జల్లెడవలె నున్నది. ఇంజను బిగుసుకొనిపోయినది. అతడు తొందరపడి దానిని విరుగగొట్టలేదు; స్పార్కు ప్లగ్గులు తీసి, ఆ రంధ్రములలో నూనె పోసి, దినమున కొకమారు ముందున్న హ్యాండిలును మెల్లగా త్రిప్పి చూచెడివాడు. పదునొకండవ నాడు హ్యాండిలు రవ్వంత కదలినది. ఆనాడు షెడ్డులోని వారందరికిని అతడు మిఠాయి పంచెను. కిరసనాయిలుతో కడుగగా చట్రము ఫోర్డుదనియు, ఇంజను విల్లీస్‌దనియు తేలినది. వింత యేమియు లేదు; రెండు సంస్థల బండ్లకును భాగములు ఒకదాని కొకటి సరిపోవలెనన్నదే సైన్యపు నియమము. మరమ్మతు చేయువాడు చేతికి దొరికినది బిగించి పంపెడివాడు.

ఇంజను విషయమున అంత ఓర్పు చూపినవాడు రేకు విషయమున దానిని మరచెను. తుప్పును చూచి సహింపలేక, మొదటి వారముననే ఒక పనివానిని పిలిచి బానెటు కుడిప్రక్కను గ్రైండింగు మిషనుతో శుభ్రపరుపుమనెను. సాయంకాలమునకు రేకు అద్దమువలె మెరసినది. అతడు సంతోషించి పనివానికి టీ ఇప్పించెను. ఎడమప్రక్క పని మరునాటికి మిగిలినది. మరునాడు పనివాడు రాలేదు.

ఆదివారమునాడు ఎనిమిదవ తరగతి చదువు మనుమరాలు తాతతో షెడ్డునకు వచ్చినది. ఊరకుండలేక ఉప్పుకాగితము తడిపి ఎడమప్రక్కను రుద్దుచు కూర్చున్నది. మొదట పసుపు రంగు పోయినది. దాని క్రింద నీలము, దాని క్రింద తెలుపు, ఇంకను క్రింద మాసిన ఆకుపచ్చ. “తాతయ్యా, ఇక్కడేవో అంకెలున్నవి!” అని ఆమె కేక వేసినది. అతడు వంగి చూచెను. 2, ప్రక్కన 0, పిదప 3, పిదప 4. అటుపై చదరముగా ఒక ఇనుప అతుకు. ఎవరో ఎప్పుడో రేకు కోసి, క్రొత్త ముక్క వేసి వెల్డింగు చేసినారు. మిగిలిన అంకెలు ఆ కోసిన ముక్కతో పోయినవి.

అమెరికా సైన్యము ఈ చిన్న జీపుల సంఖ్యలను 20తో మొదలుపెట్టెడిది. సామాన్యముగా మొత్తము ఎనిమిది అంకెలు. బానెటునకు రెండు ప్రక్కలను అదే సంఖ్య వ్రాయుట వాడుక. ఎడమప్రక్క పోయినను కుడిప్రక్క ఉండవలెను. ఈ సంగతి అతడు పుస్తకమున చదివినది ఆ రాత్రి. మరునాడు తెల్లవారకమునుపే షెడ్డునకు వెళ్ళి, మెరయుచున్న కుడిప్రక్క రేకు మీద అరచేయి రాచి చూచెను. అక్కడ ఏమియు లేదు. తన బండి పూర్తి పేరును తానే టీ ఇప్పించి చెరిపించెను. పనివానిని ఏమని యనవలెను? అతడు చెప్పిన పని చేసెను.

తరువాత వచ్చిన సలహాలకు కొదువ లేదు. ఫిలిప్పీన్స్‌లో ఈ జీపులకు సరికొత్త డొల్లలనే తయారుచేయుచున్నారు, తెప్పించుకొనుమని ఒకరు చెప్పిరి. కోరిన సంఖ్య, కోరిన తేదీ కొట్టించి ఇత్తడి పలకలు ఇప్పింతునని ఒక వర్తకుడు చెప్పెను. రంగు వేయువాడు మరింత సులువు చూపెను: “నాలుగంకెలే కదండీ, ఏవో వేసేద్దాము. చూసేవాళ్ళకు ఏం తెలుస్తుంది?”

అతనికి ఆ మాట క్రొత్తది కాదు. ఉద్యోగమున ఉండగా ప్రతి ప్రయాణమును లాగుబుక్కున వ్రాయవలసియుండెను. వెళ్ళని ఊరికి వెళ్ళినట్లు, తిరుగని దూరము తిరిగినట్లు వ్రాయుమని ఒక అధికారి చెప్పిన దినములున్నవి. కొన్ని దినములు వ్రాసెను కూడ; ఇంటిలో పిల్లలున్నారు, ఉద్యోగము చిన్నది. సిరా ఆరిన పిదప ఆ అంకెలు నిజమైన అంకెల ప్రక్కన ఎంత నిశ్చింతగా కూర్చుండెడివో అతడు చూచియున్నాడు. కొన్నాళ్ళకు ఏది నిజమో వ్రాసినవానికే తెలియకపోయెడిది.

రంగు వేయువానితో అతడు వాదింపలేదు. బండి అంతయు సైనికుల ఆకుపచ్చ రంగు వేయించెను. ఎడమప్రక్క తెల్లరంగుతో 2034 అని మాత్రము, పాత గీతల మీదనే, వ్రాయించెను. అతుకును నున్నగా కనబడకుండ చేయింపక, అంచులు కనబడునట్లే ఉంచెను. కుడిప్రక్క ఏ అంకెయు వ్రాయింపలేదు. చూచినవారిలో సగముమంది డబ్బు చాలక పని ఆగినదనుకొనిరి.

రింగులు మార్చి, వాల్వులు నూరి, కార్బురేటరు కడిగి, కరెంటు తీగలు క్రొత్తవి వేసి సిద్ధము చేయుసరికి పదునాలుగు నెలలు పట్టినది. చాలమంది 12 వోల్టుల బ్యాటరీ పెట్టుదురు. సులభముగా స్టార్టు అగును. అతడు పాత 6 వోల్టులనే నిలిపెను. ఉదయపు చలిలో ఆ మొండితనమునకు ఫలము అతడే అనుభవించుచున్నాడు.

మొదటి ప్రయాణము నూజివీడు తోటకే. మనుమరాలు ప్రక్కన కూర్చున్నది. తోట యజమాని వృద్ధుడు. కఱ్ఱ ఊతముతో వచ్చి బండి చుట్టును తిరిగి, ఎడమప్రక్క నిలిచి, అతుకు మీద వ్రేలు పెట్టెను.

“ఇది మా నాయన వేయించినదే. గాలివానలో మామిడికొమ్మ విరిగి మీద పడితే రేకు చిరిగిపోయింది. ఆ సంవత్సరము కాయంతా రాలిపోయింది.”

“ఏ సంవత్సరమండీ?”

వృద్ధుడు చాలసేపు ఆలోచించెను. “చెప్పలేను. మా చెల్లెలి పెళ్ళి అయిన మరు ఏడు.”

డ్రైవరు ఆసనము ప్రక్కనుండి ఒక క్రొత్త లాగుబుక్కు తీసెను. బయలుదేరిన చోటు, చేరిన చోటు, మైళ్ళు అప్పటికే వ్రాసి యుంచెను. చివరి గడిలో, వృద్ధుడు చెప్పినది చెప్పినట్లుగా, చెల్లెలి పెళ్ళితో సహా వ్రాసికొని, చేవ్రాలునకై పుస్తకమును వృద్ధుని చేతికిచ్చెను.