కలమల్ల దారిలో అద్దె కారు

ప్రొద్దుటూరు నుండి ఎర్రగుంట్ల మీదుగా మేము కలమల్లకు బయలుదేరాము. మా అబ్బాయి బెంగళూరులో అద్దెకు తీసుకున్న స్పోర్ట్స్ కారు మాది. నల్లని నంబరు పలకపై పసుపు అక్షరాలు. వెనుక మేనల్లుడి సొంత కారు తెల్లని పలకతో వస్తోంది. రెండూ ఒకే మోడల్.

థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు కనబడగానే మావాడు వేగం పెంచాడు. వద్దన్నాము. "అద్దెదే కదా నాన్నా!" అన్నాడు. అంతలో మలుపులో లారీ ఎదురైంది. బ్రేకు నొక్కితే స్టీరింగ్ గడగడ వణికింది. మేనల్లుడి కారు మాత్రం నిలకడగా ఆగింది.

లోపం ఇంజనుది కాదు. ఎందరో దానిని వేగంగా తోలి, హఠాత్తుగా ఆపినందున బ్రేకు డిస్కులు ఎగుడుదిగుడుగా అరిగాయి. సొంతదారు చిన్న వణుకునైనా గమనించి బాగుచేయిస్తాడు. అద్దెదారు తాళం అప్పగించి వెళ్ళిపోతాడు. అయితే సకాలంలో సర్వీసు జరిగే అద్దె కారు, మూలన పడివున్న సొంత కారు కన్నా మేలుగానే నడుస్తుంది.

తొలి తెలుగు శాసనంగా పేరొందిన, క్రీ.శ. 575 నాటి రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు శాసనం లభించినది ఈ కలమల్లలోనే, చెన్నకేశవాలయ ప్రాంగణంలో. ఆ ఊరు చూసి నెమ్మదిగా తిరిగివచ్చాము.

పరుల సొత్తు మన చేతిలో అమానతు. కారు అప్పగించేటప్పుడు మావాడు బ్రేకు సంగతి యజమానికి తానే చెప్పాడు. తర్వాత అందులో ఎక్కబోయేది మరొక కుటుంబం కదా!