ఎవరి సొమ్ము, ఎవరి చదువు?

2023 వేసవిలో ఒక సాయంత్రం, పరీక్ష పత్రాలు దిద్దుకుంటూ కూర్చున్న నా దగ్గరికి మా పూర్వ విద్యార్థిని ఒకామె వచ్చింది. చేతిలో ఒక కాగితాల కట్ట. బ్రిటన్‌లో ఒక విశ్వవిద్యాలయం ఆమెను డాక్టరేట్ పరిశోధనకు చేర్చుకుంటానని ఉత్తరం రాసింది. ఆమె ఎంచుకున్న విషయం గుంటూరు ప్రాంతపు పొగాకు గ్రేడింగు కేంద్రాల్లో పనిచేసే దళిత స్త్రీల చరిత్ర. ఆమె తల్లి ఇరవయ్యేళ్ళు ఆ కేంద్రాల్లోనే ఆకు ఏరింది.

"సీటయితే ఇచ్చారు మాస్టారూ. సొమ్ము ఎవరిస్తారు?" అంది.

"ఇచ్చేవాళ్ళు చాలామందే ఉన్నారమ్మా" అన్నాను. అప్పుడు నేనంత తేలిగ్గా జవాబు చెప్పినందుకు ఈ వ్యాసం ఒక విధమైన ప్రాయశ్చిత్తం.

ఇచ్చేవాళ్ళు నిజంగానే ఉన్నారు. వారం రోజులు ఇద్దరం కూర్చుని జాబితా రాశాం. నా కప్పుడు తెలిసిందేమంటే, పరిశోధకుడి జీవితాన్ని ఈ నిధులన్నీ మెట్లుగా విభజించి, ఒక్కొక్క మెట్టు దగ్గర ఒక్కొక్క తలుపు పెట్టాయి. మొదటి మెట్టు డాక్టరేట్ కోసం వెళ్ళేవారిది. జర్మనీలో 1925లో పుట్టిన డి.ఎ.ఎ.డి., 1959లో ఏర్పాటైన కామన్వెల్తు వేతనాలు, 1954 నుంచి జపాను ప్రభుత్వమిస్తున్న వేతనాలు ఈ తలుపు దగ్గరే ఉంటాయి. రెండో మెట్టు డాక్టరేట్ పూర్తిచేసినవారిది. ఐరోపా సమాజం మేరీ క్యూరీ పేరుతో ఇచ్చే ఫెలోషిప్పులు ఇక్కడివి. ఏ దేశస్థుడైనా వీటికి అర్హుడే. అయితే డాక్టరేట్ తరవాత పరిశోధనానుభవం ఎనిమిదేళ్ళు మించకూడదు. పైగా వెళ్ళదలచిన దేశంలో గడచిన మూడేళ్ళలో పన్నెండు నెలలకు మించి ఉండి ఉండకూడదు. 2025లో వీటికి దరఖాస్తు పెట్టినవారు 17 వేలకు పైనే. జర్మనీ 1953లో పునఃస్థాపించిన హంబోల్ట్ సంస్థ కొత్తగా డాక్టరేట్ పొందినవారినీ, అనుభవజ్ఞులనూ వేరు వేరు వరసల్లో నిలబెడుతుంది. ఆ పైమెట్టున, 2007లో మొదలైన ఐరోపా పరిశోధనా మండలి స్వతంత్రంగా బృందం నడపగలవారికి 15 లక్షల యూరోల నుంచి, లబ్ధప్రతిష్ఠులకు 25 లక్షల యూరోల దాకా ఇస్తుంది. ఇవన్నీ చెప్పుకోదగ్గ అవకాశాలే. కాదనను.

కాని ఈ మెట్లు ఎవరి కాళ్ళ కొలతకు కట్టినవి? ఇరవై రెండో ఏట పట్టా, ఇరవై ఏడో ఏట డాక్టరేట్, ముప్ఫయ్యో ఏట ఫెలోషిప్ అనేది తండ్రీ తాతా చదువుకున్న ఇంటి లెక్క. మా విద్యార్థిని ఇంటర్మీడియట్ తరవాత రెండేళ్ళు కూలిపనికి వెళ్ళింది. బి.ఏ. అయ్యాక నాలుగేళ్ళు ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పి తమ్ముణ్ణి చదివించింది. ఆ ఆరేళ్ళూ ఏ దరఖాస్తు గడిలో పడతాయి? ప్రసవానికీ జబ్బుకూ పోయిన కాలాన్ని మినహాయించే నిబంధనలు కొన్ని నిధుల్లో ఉన్నాయి. సంతోషం. పేదరికానికి పోయిన కాలాన్ని మినహాయించే నిబంధన మాత్రం మా జాబితా మొత్తంలో ఒక్కటీ కనిపించలేదు.

ఇలాంటివారి కోసమే మన ప్రభుత్వం 1954-55లో జాతీయ విదేశీ విద్యార్థి వేతనం అనే పథకం ప్రారంభించింది. షెడ్యూల్డు కులాలవారికీ, సంచార జాతులకూ, భూమిలేని వ్యవసాయ కూలీల బిడ్డలకూ, చేతివృత్తులవారికీ ఏటా 125 స్థానాలు. కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షలు మించకూడదు. మా విద్యార్థినికి ఇంతకన్న తగినది మరొకటి లేదనుకున్నాం. నిబంధనలు పైకి చదువుతూ ఒకచోట ఆమె ఆగిపోయింది. 2022లో చేర్చిన వాక్యం అది. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశపు సామాజిక విషయాల మీద పరిశోధనకు ఈ వేతనం వర్తించదని దాని సారాంశం. వాటికి కావలసిన వనరులూ పండితులూ మన దేశంలోనే ఉన్నారు కదా అన్నది సర్కారు వాదన.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. "శీర్షిక కాస్త మార్చుదాం. మలావీలో కూడా పొగాకు కూలీలు ఉన్నారు. ఆఫ్రికా మీద పరిశోధన అంటే వాళ్ళకు అభ్యంతరం ఉండదు" అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఆమె కాసేపు మాట్లాడలేదు. తరవాత మెల్లగా అంది: "మా అమ్మను మార్చి దరఖాస్తు పెట్టమంటున్నారా, మాస్టారూ?"

నా దగ్గర సమాధానం లేదు. ఎందుకు లేదో నాకు తెలుసు. ముప్ఫయ్యేళ్ళ కింద నేను సరిగ్గా అదే పని చేశాను. నా విషయం రైతుల అప్పులు. విదేశంలో ఒక సంస్థ ఆరునెలల ఫెలోషిప్ ఇస్తానంది. వారికి అప్పులు అక్కరలేదు, గ్రామీణ మార్కెట్ల "సామర్థ్యం" కావాలి. నేను మార్చి రాశాను, వెళ్ళాను, మంచు చూశాను, తిరిగివచ్చాను. అప్పుల మీద సేకరించిన కాగితాలను ఆ తరవాత విప్పనేలేదు. నన్నెవరూ బలవంతం చెయ్యలేదు. నా శీర్షికను నేనే దిద్దుకున్నాను. సొమ్ము మనిషిని మార్చడానికి కత్తి పట్టుకు రానక్కరలేదు.

సొమ్మున్న ప్రతిచోటా దానికొక ఉద్దేశం ఉంటుంది. రోడ్స్ వేతనాలు 1902లో చనిపోయిన సామ్రాజ్యవాది సెసిల్ రోడ్స్ వీలునామాలోంచి పుట్టాయి. వాటిలో స్త్రీలకు 1977 దాకా చోటు లేదు. 1946 నాటి ఫుల్‌బ్రైట్ పథకం, విదేశాల్లో మిగిలిపోయిన అమెరికా యుద్ధ సామగ్రి అమ్మిన డబ్బుతో మొదలయింది. 2025 జూన్‌లో, ఎంపికల్లో ప్రభుత్వం జోక్యం చేసుకుంటున్నదంటూ దాని మండలి సభ్యులు దాదాపు అందరూ రాజీనామా చేశారు. మనవాళ్ళు అభిమానంగా చెప్పుకునే మాస్కో లుముంబా విశ్వవిద్యాలయం 1960లో ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా పేద విద్యార్థుల కోసం తలుపులు తెరిచింది. అది గొప్ప పని. కాని సోవియట్ రాజ్యానికి కూడా ఒక ఉద్దేశం ఉండేదనీ, ఆ రోజుల్లో మనం ఆ ప్రశ్న అడగలేదనీ ఒప్పుకోవడంలో తప్పులేదు.

అయితే ఏమిటి? ఉద్దేశం ఉంది గనక సొమ్ము ముట్టరాదా? అలా అంటే చదువు ఉన్నవాళ్ళ ఇంట్లోనే ఉండిపోతుంది. 1923లో యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ చేరినప్పుడు ఆయన వెనక ఉన్నవి కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయమూ, మామగారి సాయమూ. అవి చాలక ఆసుపత్రిలో రాత్రిపూట నౌకరీ చేశాడు. వార్సాలో పుట్టిన మేరీ క్యూరీకి 1893లో 600 రూబుళ్ళ వేతనం దొరికింది. సంపాదన మొదలయ్యాక, ఎవరూ అడగకపోయినా, ఆ మొత్తాన్ని ఆమె తిరిగి ఇచ్చేసింది, మరో పేద విద్యార్థికి పనికొస్తుందని. ఇవాళ ఆమె పేరుతోనే ఐరోపా ఫెలోషిప్పులిస్తున్నది. సొమ్ము తీసుకోవడం లోపం కాదు. దానికి మన ప్రశ్నను తాకట్టు పెట్టడం లోపం.

ఇక 1913 సంగతి. బరోడా మహారాజు ఇచ్చిన వేతనంతో అంబేడ్కర్ కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. 1916 మే నెలలో అక్కడి ఒక సదస్సులో ఆయన చదివిన పత్రం భారతదేశంలో కులాల పుట్టుక గురించి. 2022 నిబంధన ఆనాడే ఉంటే ఆయన న్యూయార్కులో కూర్చుని దేని గురించి రాయవలసివచ్చేది? ఒక సంస్థానాధీశుడు పెట్టని షరతు ప్రజాస్వామ్య ప్రభుత్వం పెట్టింది. మన సమాజాన్ని మన దేశంలోనే పరిశోధించుకోవచ్చునన్న వాదన వినడానికి సబబుగానే ఉంటుంది. కాని దూరంగా నిలబడి చూసే హక్కు, భయం లేకుండా రాసే హక్కు, ఇతర దేశాల బానిసత్వంతో మన అంటరానితనాన్ని పోల్చిచూసే హక్కు డబ్బున్న ఇంటి బిడ్డలకు ఇప్పటికీ ఉన్నాయి. ఈ వాక్యం అడ్డుకునేది వేతనం లేనిదే కదలలేనివారిని మాత్రమే.

ఆ తరవాత డబ్బు కూడా కరువయింది. 2025లో ఈ పథకానికి ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే తాత్కాలిక ఉత్తరాలిచ్చారు. తక్కినవారికి నిధులుంటే ఇస్తామన్నారు.

అధ్యాపక మిత్రులకు ఒక మాట. మన విద్యార్థుల్లో చాలామందికి ఈ తలుపులున్నాయనే తెలియదు. తెలిసేసరికి గడువు దాటిపోతుంది. ఏడాది ముందే మొదలుపెట్టించాలి. హంబోల్ట్‌కైనా మేరీ క్యూరీకైనా అక్కడ ఆతిథ్యమిచ్చే ఆచార్యుడు ముందు దొరకాలి. ఆయనకు ఉత్తరం రాయడం మనం నేర్పాలి. సిఫారసు పత్రాలు దయాభిక్షలా కాక మన విధిగా రాయాలి. వీటన్నిటికన్నా ముఖ్యం, శీర్షిక మార్చమని నాలాగ సలహా చెప్పకుండా ఉండాలి. ఆ 2022 వాక్యాన్ని తీసివెయ్యమని సంఘాలుగా అడగాలి.

మా విద్యార్థినికి ఆ ఏడు ఎక్కడా దొరకలేదు. మరుసటి ఏడు ఒక విదేశీ విశ్వవిద్యాలయం తన సొంత నిధిలోంచే వేతనమిచ్చింది. శీర్షికలో ఒక్క అక్షరం మారలేదు. సంతోషించాను, సిగ్గూ పడ్డాను. మన తల్లుల చరిత్ర రాయడానికి మన ఖజానాలో లేని చోటు పరాయి ఖజానాలో దొరికింది.

వెళ్ళేముందు ఆమె తల్లిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆకు పసరుతో నల్లబడ్డ వేళ్ళు ఆమెవి. "అంత డబ్బు ఎందుకిస్తన్నారు సారూ? ఎవురిదా డబ్బు?" అని అడిగింది. నేను పెద్ద పెద్ద పేర్లు చెప్పబోయి ఆగాను. గుంటూరు ఆకు బ్రిటిషు కంపెనీల చేతుల మీదుగా ఓడలెక్కి వెళ్ళిన ఏళ్ళు గుర్తుకొచ్చాయి.

"అందులో నీదీ కొంత ఉందమ్మా" అన్నాను.