చెల్లి కంచానికి కాపలా

మా చెల్లికి మల్టిపుల్ స్క్లెరోసిస్ అని బెజవాడలో న్యూరాలజిస్టు తేల్చిన దగ్గర్నుంచి తిరువూరులో మా ఇంటికి నేనే వైద్యుణ్నయ్యాను. చదివింది గోరంత, చెప్పింది కొండంత.

మన రక్షణ వ్యవస్థే దారి తప్పి, మెదడులో, వెన్నుపాములో నరాల మీదుండే మైలిన్ పొరను పాడుచేయడమే ఈ జబ్బు. ఆమెకు మొదట ఒక కన్ను మసకబారింది. కన్ను తిప్పితే నొప్పి. కళ్లద్దాలు మార్పించి ఊరుకున్నాం. తర్వాత కాళ్లు తిమ్మిరెక్కాయి. ఎమ్మారై తీస్తేగానీ అసలు సంగతి బయటపడలేదు.

ఎండ తక్కువగా ఉండే దేశాల్లో ఈ జబ్బు ఎక్కువని, విటమిన్ డి తక్కువైనవాళ్లకు ముప్పు ఎక్కువని ఎక్కడో చదివాను. "నీడపట్టున కూర్చుని తెచ్చుకున్నావు" అని దెప్పి, ఏప్రిల్‌లో పదకొండింటికి డాబా ఎక్కించాను. కాసేపటికే "అన్నయ్యా, ఎదురుగా ఉన్న మామిడిచెట్టు అలికినట్టుంది" అంది. మెట్లు దిగబోతే మోకాళ్లు నిలవలేదు. రెక్క పట్టుకుని దింపి, తడిగుడ్డ కప్పి కూలర్ ముందు కూర్చోబెడితే సాయంత్రానికి తేరుకుంది. పొర దెబ్బతిన్న నరాల్లో, ఒళ్లు వేడెక్కితే సంకేతాలు సరిగా నడవవట. శ్రమ పడ్డాక ఇలా చూపు మసకబారడం గురించి ఊతాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు 1890లోనే రాశాడు. విటమిన్ తక్కువుంటే రక్తపరీక్ష చేయించి, డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే సరిపోయేది.

ఆ తర్వాత ఆమె కంచం మీద పడ్డాను. పాలు, అన్నం, నూనె ఒక్కొక్కటే మాన్పించాను. ఆవకాయ జాడీ అటక ఎక్కింది. "తిండితోనే తగ్గుతుంటే ఇంజెక్షన్లెందుకు?" అని మందూ ఆపించాను. కొన్ని నెలలకు ఎడమకాలు ఈడ్చడం మొదలైంది. మైలవరం మీదుగా బెజవాడ పరిగెత్తి స్టెరాయిడ్లు ఎక్కించాం. ఈ జబ్బును ఆపుతుందని రుజువైన పథ్యం ఏదీ లేదని డాక్టరు కేకలేశారు.

ఆయనకు నా చొక్కా జేబులో సిగరెట్ పెట్టె కనబడింది. పొగతాగితే ఈ జబ్బు వచ్చే ముప్పు పెరుగుతుందనీ, వచ్చినవాళ్లకు త్వరగా ముదురుతుందనీ, పక్కవాళ్లు వదిలిన పొగ కూడా మంచిది కాదనీ చెప్పారు. ఆమె ముద్దలు లెక్కపెడుతూ నేను తాగింది మా వసారాలోనే.

ముప్పు పెంచేది పొగ ఒక్కటే కాదు. అమెరికా సైనికుల రికార్డులతో 2022లో వెలువడిన పరిశోధన, ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకినవారిలో ఈ జబ్బు ముప్పు 32 రెట్లు పెరిగిందని తేల్చింది. ఆ వైరస్ దాదాపు అందరికీ సోకేదే, జబ్బు మాత్రం ఏ కొద్దిమందికో. జన్యువులు, వైరస్, పొగ, విటమిన్ లోపం, చిన్న వయసులో ఊబకాయం లాంటివి కొన్ని జతపడాలి. ఏ ఒక్క కూర వల్లా వచ్చేది కాదు. ముప్పు పెంచేవాటి జాబితా చేతబట్టుకుని నేను రోగినే దోషిగా నిలబెట్టాను.

ఇప్పుడు ఆమె అందరితోపాటే తింటుంది, పొద్దు వాలాక నడుస్తుంది, ఇంజెక్షన్ తప్పదు. నేను చదివిన జాగ్రత్తలు అక్కరకొచ్చేది మా పిల్లలకే. రక్తసంబంధీకులకు ఈ ముప్పు కాస్త ఎక్కువ కాబట్టి వాళ్లను సాయంత్రాలు ఆటకు తరుముతున్నాను, కూల్‌డ్రింకులు తగ్గించాను. మా వసారాలో ఇక ఎవరూ సిగరెట్ వెలిగించడానికి లేదు, బావమరిది వచ్చినా సరే.