అక్షరానికి చోటు

మొగల్తూరు పేరు వినగానే తెలుగువారికి సినీనటులు కృష్ణంరాజు, చిరంజీవి స్ఫురిస్తారు. నాకు మాత్రం అక్కడి వీధి అరుగులపై లేసు అల్లే స్త్రీల చేతులు గుర్తుకు వస్తాయి. కొక్కెం గల చిన్న సూది, తెల్లని నూలు, ఇవే వారి పరికరాలు. నరసాపురం పేరిట ప్రసిద్ధమైన ఆ అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. లేసులో పువ్వును చూపేది దారం మాత్రమే కాదు, దారాల నడుమ విడిచిన ఖాళీ కూడ. గళ్ళ లెక్క ఒక్కటి తప్పినా పువ్వు వంకరపోతుంది.

తెరపై పుటను రూపొందించే వెబ్ డిజైనరుకు, కరపత్రాన్నో ముఖచిత్రాన్నో తీర్చే గ్రాఫిక్ డిజైనరుకు ఇదే తొలి పాఠం. రంగులు కుమ్మరించడం డిజైన్ కాదు. ఏది ముందు కనబడాలి, ఏది వెనుక నిలవాలి, ఎక్కడ ఖాళీ విడవాలి అని నిర్ణయించడమే డిజైన్. ఈ వివేకాన్నే మన ఆలంకారికులు ఔచిత్యమన్నారు. పదకొండవ శతాబ్దంలో క్షేమేంద్రుడు కావ్యానికి ఔచిత్యమే ప్రాణమని ప్రతిపాదించాడు. కావ్యాలలో నేర్చిన ఆ సూత్రం కంప్యూటరు తెరకూ వర్తించడం చూసి నేను ఆనందిస్తుంటాను.

మొగల్తూరుకు పొరుగున ఉన్న నరసాపురంలో 1933లో జన్మించిన సత్తిరాజు లక్ష్మీనారాయణ గారు ఈ ఔచిత్యానికి నిదర్శనం. ఆయనే మనందరి బాపు. న్యాయశాస్త్రం చదివి కుంచె పట్టారు. నాలుగు గీతలలో మనిషి నడకను, నవ్వును నిలిపేవారు. ముఖచిత్రాలపై ఆయన రాసిన శీర్షికలు బొమ్మకు అతికించినట్లు గాక, బొమ్మలోంచి పుట్టినట్లు ఉంటాయి. ఆయన చేతిరాత ఆధారంగా కంప్యూటరు ఫాంట్లు కూడ వెలిశాయి. 2013లో పద్మశ్రీ అందుకున్న ఆయన 2014లో కన్నుమూశారు. ఫాంటు ఎవరికైనా లభిస్తుంది. దానిని ఎక్కడ వాడాలో చెప్పే కన్ను సాధనతోనే వస్తుంది. హాస్యకథకు నప్పే బాపు అక్షరం సంతాప ప్రకటనకు నప్పదు. అందుచేత మౌసు పట్టకముందు పెన్సిలు పట్టి, కాగితంపై నాలుగైదు చిత్తు నమూనాలు గీసుకోవడం మంచి అలవాటు.

తెలుగు లిపి స్వభావం కూడ తెలియాలి. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరాన్ని చూడండి. పైన గుడిదీర్ఘం, కింద రెండు ఒత్తులు. ఆంగ్లానికి సరిపోయే పంక్తుల ఎడం దీనికి చాలదు. పై పంక్తి ఒత్తు కింది పంక్తి గుడిని తాకుతుంది. అక్షర పరిమాణానికి ఒకటిన్నర రెట్లకు తగ్గని ఎడం ఇస్తే చదువు సాఫీగా సాగుతుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో భారతీయ భాషల అమరికను ఎంచుకోకపోతే ఒత్తు విడిపోయి పొల్లు మిగులుతుంది. అచ్చుకు పంపేముందు సంయుక్తాక్షరాలను ఒకసారి సరిచూడటం డిజైనరు విధి.

మొగల్తూరు మండలం పేరుపాలెం వద్ద సముద్రాన్ని తాకుతుంది. ఇలాంటి తీరాన తుపాను హెచ్చరిక ప్రాణాలకు సంబంధించిన రాత. అందుకే తరగతిలో ఒక అభ్యాసం ఇస్తుంటాను: అర తావుపై తుపాను హెచ్చరికను రూపొందించాలి. చాలామంది ఎగసే కెరటాలు, విరిగే కొబ్బరిచెట్లు గీస్తారు. ఏ వేళకు ఎక్కడికి చేరాలన్నది మూలన సన్నని అక్షరాలలో మిగులుతుంది. ఒకసారి ఒక విద్యార్థిని బొమ్మ లేకుండా, ‘సాయంత్రం ఆరులోగా పాఠశాలకు చేరండి’ అని నడుమ పెద్దగా రాసి, చుట్టూ ఖాళీ విడిచింది. “బొమ్మ ఏదమ్మా?” అని అడిగాను. “కళ్ళజోడు లేకపోయినా మా మామ్మకు కనబడాలి కదండీ మాస్టారూ!” అంది. ఆనాటి పాఠాన్ని ఆ అమ్మాయే చెప్పింది.

ఆ మామ్మను మనసులో ఉంచుకొంటే తక్కిన మెలకువలు వాటంతట అవే బోధపడతాయి. తెల్లని నేపథ్యంపై లేత బూడిదరంగు అక్షరం ఎండలో ఫోను చూసే రైతుకు కనబడదు. సాధారణ అక్షరానికి, నేపథ్యానికి నడుమ కాంతి భేదం కనీసం 4.5:1 నిష్పత్తిలో ఉండాలని అంతర్జాతీయ వెబ్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. సమాచారాన్ని బొమ్మలో మాత్రమే పొదిగితే, అంధులకు చదివి వినిపించే సాఫ్ట్‌వేరు దానిని అందుకోవడం కష్టం. యూనికోడ్‌లో రాస్తే చదవవచ్చు, వెదకవచ్చు, దాచుకోవచ్చు. 1991లో వెలువడిన తొలి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగుకు స్థానం దక్కింది.

విద్యార్థులారా! నన్నయ తన కవితకు అక్షరరమ్యతను కోరుకున్నాడు. ఆ రమ్యతను కంటికి కూడ అందించే అవకాశం మీ తరానికి లభించింది. పరికరాలు ఏటేటా మారుతుంటాయి. చదివేవారి కష్టాన్ని ముందుగా ఊహించగల మనసును అలవరచుకోండి. ఏ కొత్త పరికరమైనా మీ చేతికి లొంగుతుంది.