చేతికీ పుస్తకానికీ నడుమ

సంస్కృతంలోని 'శిక్ష' అనే మాటకు భారతీయ భాషలలో పట్టిన గతి విచిత్రమైనది. వేదాంగాలలో అది ఉచ్చారణ శాస్త్రం. హిందీలో, బెంగాలీలో అది విద్య. తెలుగులో, కన్నడంలో, మరాఠీలో అదే మాటకు దండన అని అర్థం. కేంద్ర ప్రభుత్వం 2001లో 'సర్వశిక్షా అభియాన్' తలపెట్టినప్పుడు ఆ పేరు చూసి తెలుగు పాఠకుడు చిరునవ్వు నవ్వుకుని ఉంటే అది అతని తప్పు కాదు. అయితే ఆ ధాతువు నుంచే పుట్టిన 'శిక్షణ' తెలుగులో గౌరవంగానే నిలిచింది. శిక్షణ అంటే ఒక పనిలో చేయి తిరిగేలా చేయడం. ఇక 'విద్య' తెలుగు వారి నోట మరింత విశాలమైన మాట. కోటి విద్యలు కూటి కొరకే అన్న సామెతలో నేతగాడి మగ్గమూ, కుమ్మరి సారె, పండితుడి వ్యాకరణమూ ఒకే పంక్తిలో కూర్చుంటాయి.

సామెతలో కుదిరిన ఆ సహపంక్తి లోకంలో కుదరలేదు. చేతిపని కొన్ని కులాలకు వారసత్వంగా సంక్రమించింది. పుస్తకం మరికొన్ని కులాల సొత్తయింది. ఆంగ్లేయుల ఏలుబడిలో వచ్చిన పాఠశాల ఈ గోడను పడగొట్టకపోగా దానికి వెల్ల వేసింది. సర్కారు కచేరీలో గుమాస్తా కొలువు దొరకాలంటే పరీక్ష ప్యాసైన పత్రం కావాలి. ఆ కొలువు దొరికినవాడికి ఒళ్లు వంచే అవసరం లేదు. చదువు అంటే చేతికి మట్టి అంటకుండా బ్రతికే ఉపాయమన్న అర్థం క్రమంగా స్థిరపడింది. 'మావాడికి చదువు అబ్బలేదు, పనిలో పెట్టాం' అని తల్లిదండ్రులు చెప్పే మాటలో ఈనాటికీ ఒక ఓటమి ధ్వనిస్తుంది. విద్యను, వృత్తి శిక్షణను బాగుచేయడానికి స్వతంత్ర భారత ప్రభుత్వాలు ఏడున్నర దశాబ్దాలుగా చేస్తున్న కృషి చాలావరకు ఈ ఒక్క వాక్యంతో చేస్తున్న పోరాటమే.

ఈ పోరాటానికి స్వాతంత్ర్యానికి ముందే నాంది పలికింది. 1937 అక్టోబరులో వార్ధాలో మహాత్మాగాంధీ ఆధ్వర్యంలో విద్యావేత్తలు సమావేశమయ్యారు. పాఠ్యక్రమం తయారు చేసే బాధ్యతను డాక్టర్ జాకీర్ హుస్సేన్ నాయకత్వంలోని సంఘానికి అప్పగించారు. ఏడేళ్లపాటు ఉచిత నిర్బంధ విద్య, బోధన మాతృభాషలో, చదువుకు కేంద్రం ఒక చేతివృత్తి. పిల్లవాడు నూలు వడకుతూ లెక్కలు నేర్చుకుంటాడు. పత్తి పండే నేల ద్వారా భూగోళం, బట్టల వ్యాపారం ద్వారా చరిత్ర గ్రహిస్తాడు. ఆలోచన గొప్పది. కాని పిల్లల చేతిపని మీద వచ్చే రాబడి ఉపాధ్యాయుల జీతాలకు ఉపయోగపడాలన్న భాగం ఆనాడే విమర్శకు గురైంది. బడి కార్ఖానాగా మారిపోదా అని పలువురు శంకించారు. తర్వాత చాలా బడులలో రాట్నం గణితానికి ద్వారం కాలేదు; కాలపట్టికలో మరొక గంటగా మిగిలిపోయింది. పైగా సంపన్నుల పిల్లలు చదివే బడులలో రాట్నం కనిపించలేదు. తమ పిల్లలకు మాత్రమే అది ఎందుకని పేదవాడు అడిగితే ఎవరి వద్దా జవాబు లేదు.

శిక్షణ సంస్థల చరిత్ర మరొక తోవలో నడిచింది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసి సైన్యం నుంచి వేలాది మంది బయటికి వస్తున్నప్పుడు, వారికి ఉపాధి చూపడానికి 1945లో ప్రత్యేక శాఖ ఏర్పడింది. ఆ పునాది మీదనే 1950లో కేంద్ర ప్రభుత్వం హస్తకౌశల శిక్షణ పథకాన్ని ప్రారంభించింది. పారిశ్రామిక శిక్షణ సంస్థలు, అంటే జనం ఐటిఐలని పిలుచుకునేవి, ఆ పథకం బిడ్డలే. 1956లో వీటి రోజువారీ నిర్వహణ రాష్ట్రాలకు బదిలీ అయింది. ఉక్కు కర్మాగారాలు, రైలు వర్కుషాపులు, విద్యుత్ కేంద్రాలు లేస్తున్న కాలమది. వాటికి ఇంజనీర్లు ఎంత అవసరమో ఫిట్టర్లు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు అంతకన్నా ఎక్కువ అవసరం.

ఐటిఐలో ఫిట్టరు విద్య రెండేళ్లు. కొత్తగా చేరిన కుర్రవాడికి ముందుగా పెద్ద యంత్రాలేవీ ఇవ్వరు. ఒక ఇనుప దిమ్మ, ఒక ఆకురాయి చేతికిస్తారు. దిమ్మను వైసులో బిగించి, దాని ముఖం చదునయ్యే దాకా రాకాలి. చూడడానికి అదేమంత పని అనిపిస్తుంది. చేయి ఏమాత్రం ఊగినా అంచులు అరిగి నడుమ ఉబ్బు మిగులుతుంది. మూలమట్టం ఆనించి, దిమ్మను వెలుతురుకు ఎత్తి చూస్తే, సందులోంచి సన్నని కాంతిరేఖ కనిపిస్తుంది. ఆ రేఖ మాయమయ్యే దాకా మళ్లీ రాకాలి. భుజం నొప్పి పుడుతుంది, అరచేతులు బొబ్బలెక్కుతాయి. కొన్ని వారాలు గడిచేసరికి చేతికి ఒక జ్ఞానం పట్టుబడుతుంది. మిల్లీమీటరులో పదోవంతు తేడా ఉంటే కంటికన్నా ముందు వేలికి తెలుస్తుంది. ఓపిక, ఖచ్చితత్వం, తన తప్పును తానే వెలుతురులో పట్టుకోగల నిజాయితీ — ఏ కళాశాల అయినా తన విద్యార్థులకు ఇంతకన్నా ఇవ్వగలిగింది ఏముంటుంది?

మరొక సంగతి తరచు మరుగున పడుతుంది. తండ్రి కమ్మరి కాకపోయినా కొడుకు ఇనుము పట్టవచ్చునని ఈ సంస్థలు ఆచరణలో నిరూపించాయి. రిజర్వేషన్ల వల్ల దళిత, గిరిజన కుటుంబాల పిల్లలు ఎవరి పుట్టుకతోనూ పని లేని వృత్తులలోకి అడుగుపెట్టారు. ఎలక్ట్రీషియనుకు కులవృత్తి అన్నది లేదు. విద్యుత్తు మీద ఏ వంశానికీ హక్కు లేదు. అయితే ఆడపిల్లలకు మాత్రం చాలాకాలం కుట్టుపని, సంక్షిప్తలేఖనం వంటి కొద్దిపాటి విద్యలే దక్కాయి.

బడిలో నేర్చిన పనికి కర్మాగారంలో పదును పెట్టాలి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఉద్దేశం అదే. కాని చట్టం చేయగలిగింది యజమాని చేత కుర్రవాడిని చేర్పించడం మటుకే. కుర్రవాడికి శ్రద్ధగా పని నేర్పించడం చట్టం చేతిలో లేదు. నేర్చుకోవడానికి వచ్చినవాడిని చౌక కూలీగా వాడుకున్నవారున్నారు. శిక్షలకు, రిజిస్టర్లకు జడిసి అసలు చేర్చుకోనివారూ ఉన్నారు. 2014లో చట్టాన్ని సవరించి జైలుశిక్షను తొలగించి జరిమానాతో సరిపెట్టారు. 2016లో స్టయిపెండులో కొంత భాగాన్ని ప్రభుత్వమే భరించే పథకం వచ్చింది. 2019 నియమాల ప్రకారం 30 మంది, అంతకు మించిన సిబ్బంది ఉన్న సంస్థలు కనీసం 2.5 శాతం మేర అప్రెంటిసులను తీసుకోవాలి.

ఇక ఉన్నత పాఠశాల మాట. ప్రసిద్ధ భౌతిక శాస్త్రవేత్త డి.ఎస్. కొఠారి అధ్యక్షతన 1964-66లో పనిచేసిన విద్యా సంఘం, ప్రతి విద్యార్థికీ 'పని అనుభవం' ఉండాలని, మాధ్యమిక విద్యలో వృత్తి కోర్సులు విస్తరించాలని సిఫారసు చేసింది. జాతీయాదాయంలో 6 శాతం విద్యకు వెచ్చించాలన్న లక్ష్యం కూడా ఆ సంఘం నాటిదే. దానిని నేటికీ అందుకోలేదు. ఇరవై ఏళ్ల తర్వాత 1986లో కొత్త జాతీయ విద్యా విధానం వచ్చినప్పుడు మానవ వనరుల మంత్రి పి.వి. నరసింహారావు. విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' నవలను హిందీలోకి తెచ్చిన అనువాదకుడు ఆయన. ఒక లోకపు విలువలను మరొక లోకానికి అర్థమయ్యేలా చెప్పడం ఎంత కష్టమో ఎరిగినవారు. హయ్యర్ సెకండరీ విద్యార్థులలో 1990 నాటికి 10 శాతం, 1995 నాటికి 25 శాతం వృత్తి కోర్సులలో చేరాలని ఆ విధానం ఆశించింది. 1992లో దానిని సవరిస్తూ అవే శాతాలను 1995కు, 2000కు వాయిదా వేశారు. ఆ గడువులూ దాటిపోయాయి.

లోపం ఎక్కడున్నది? తల్లిదండ్రుల అజ్ఞానమని తేల్చడం తేలిక, కాని న్యాయం కాదు. వారు చక్కగానే లెక్క వేసుకున్నారు. వృత్తి కోర్సు చదివినవాడికి పై చదువుకు దారి ఇరుకు. కర్మాగారం అతనికన్నా ఐటిఐ కుర్రవాడినే కోరుకుంటుంది. పాఠం చెప్పేవారిలో ఆ పని స్వయంగా చేసినవారు అరుదు. బడిలోని యంత్రం బజారులోని యంత్రం కన్నా ఒక తరం వెనకబడి ఉంటుంది. ఇటు పుస్తకానికీ, అటు పనికీ కాని ఆ రెండేళ్లను బిడ్డ జీవితంలోంచి తీసి ఇవ్వడానికి ఏ తల్లి ఒప్పుకుంటుంది?

2013లో జాతీయ నైపుణ్య అర్హతల చట్రం రూపొందడం, 2014లో నైపుణ్యాభివృద్ధికి ప్రత్యేక మంత్రిత్వశాఖ ఏర్పడడం, 2015 జూలై 15న స్కిల్ ఇండియా ఆరంభం కావడం — ఇవన్నీ ఆ లోపాన్ని సవరించే యత్నాలు. 2020 జాతీయ విద్యా విధానం మరింత ధైర్యంగా మాట్లాడింది. అది ఉదహరించిన అంచనాలలో, 19-24 ఏళ్ల భారతీయ శ్రామికులలో క్రమబద్ధమైన వృత్తి విద్య పొందినవారు 5 శాతం లోపు. అమెరికాలో అది 52, జర్మనీలో 75, దక్షిణ కొరియాలో 96 శాతం. 6-8 తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, తోటమాలి, కుమ్మరి వంటి పనివారి వద్ద నేర్చుకోవాలని ఆ విధానం సూచించింది.

ఆ 5 శాతం అంకెను చదివేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోవాలి. తాపీ పట్టి ముప్పై ఏళ్లు ఇళ్లు కట్టిన మేస్త్రీ ఆ లెక్కలోకి రాడు; అతని గురువు తండ్రి, అతని పట్టా కట్టిన గోడ. ఇటువంటివారి విద్యను పరీక్షించి గుర్తింపు పత్రమిచ్చే ఏర్పాటు ఇప్పుడున్నది. అది మంచిదే. అయితే గుర్తింపుతో కూలి కూడా పెరిగితేనే ఆ కాగితానికి విలువ. అదే విధంగా కొన్ని వారాల కోర్సుతో ఇచ్చే ధ్రువపత్రం, రెండేళ్లు ఆకురాయి పట్టి సంపాదించిన పనితనానికి బదులు కాజాలదు.

నేడు దేశంలో ఐటిఐలు 14 వేలకు పైగా ఉన్నాయి. వాటిలో అత్యధికం ప్రైవేటువి. ప్రభుత్వ సంస్థలలో వెయ్యింటిని ఆధునికీకరించడానికి 2025 మే నెలలో కేంద్ర మంత్రివర్గం 60,000 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. శిక్షకులకు శిక్షణ ఇచ్చే ఐదు జాతీయ సంస్థలను కూడా ఇందులో పటిష్ఠం చేస్తారు. హైదరాబాదులోని సంస్థ వాటిలో ఒకటి. యంత్రాలకన్నా ముందు గురువుల మీద దృష్టి పడడం శుభసూచకం. కొత్త యంత్రాన్ని ఒక్క ఉత్తర్వుతో కొనవచ్చు; పని తెలిసి, చెప్పడం కూడా తెలిసిన గురువు తయారు కావడానికి ఏళ్లు పడుతుంది.

ధనం అవసరమే. అంతకు మించి అవసరమైనది రెండు వైపులా తెరుచుకునే తలుపు. ఐటిఐ ముగించిన ఫిట్టరు నేరుగా పాలిటెక్నిక్ రెండవ సంవత్సరంలో చేరే వీలు ఇప్పటికే ఉన్నది. ఆ దారి ఇంజనీరింగు కళాశాల దాకా నిరాటంకంగా సాగాలి. పుస్తకం పట్టినవాడు కూడా చిన్నతనం అనుకోకుండా వర్కుషాపులోకి రాగలగాలి. చదువు అబ్బనివారి కోసం తెరిచిన బడిగా ఉన్నంత కాలం ఐటిఐకి ఎన్ని కోట్లు పోసినా అది రెండవ పంక్తిలోనే ఉంటుంది. మార్కులు బాగా వచ్చిన పిల్లవాడు తన ఇష్టం కొద్దీ ఆకురాయి పట్టుకోవడానికి వెళితే, ఇంట్లో ఎవరూ కన్నీరు పెట్టుకోని రోజున, ఇన్నేళ్ల విధానాలు ఫలించాయని చెప్పవచ్చు.