జీరో టికెట్

ఈ ఆగస్టులో మా పెళ్లయి పదేళ్లయింది. ఆ రోజు ఆదివారం పడేసరికి ఇరవై మందిని పిలిచేశాం. నాచారంలో మా ఫ్లాట్ చిన్నదే గానీ పైన టెర్రస్ ఉంది, టెంట్ వేస్తే సరిపోతుంది. బగారన్నం, మటన్, పచ్చిపులుసు, డబుల్ కా మీఠా అని మెనూ కూడా రాసుకున్నాను. అంతా రాసుకున్న రెండు రోజులకి అమ్మకి ఫోన్ చేశాను.

"ఆదివారం పొద్దున్నే వచ్చెయ్ అమ్మా. ఏడింటికల్లా ఉంటే చాలు. మటన్ ఆయన తెస్తడు."

"ఈ ఆదివారమా? నాకు కుదరదు బిడ్డా. కొలనుపాక పోతున్నం."

కుదరదు అనే మాట అమ్మ నోటి నుంచి అంతకుముందు విన్న గుర్తు లేదు నాకు. సరిగా వినపడలేదేమో అనుకుని మళ్లీ అడిగాను. వాళ్ల గల్లీలో ఆరుగురు ఆడవాళ్లు మాట్లాడుకున్నారట. ఉప్పల్ నుంచి ఆలేరు దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో, జైన్ మందిరం, సోమేశ్వరుడి గుడి, సాయంత్రానికల్లా వాపస్.

"గుడి ఎక్కడికి పోతదమ్మా? నా పెళ్లిరోజు మళ్లీ వస్తదా?" అన్నాను.

"వచ్చే ఏడు వస్తది గద. అయినా నీ పెళ్లికి నేను చేసిన. పెళ్లిరోజుకు సుత నేనే చెయ్యాల్నా?"

నవ్వుతూనే అంది. నాకు మాత్రం కోపం వచ్చింది. ఫోన్ పెట్టేశాక మా ఆయన దగ్గర ఓ పావుగంట అమ్మ మీద ఫిర్యాదు చేశాను. ఆయన అంతా విని, "కేటరింగ్ వాళ్లకి చెప్దామా?" అన్నాడు. దాంతో ఆయన మీద కూడా కోపం వచ్చింది.

మన దగ్గర పసిపిల్లల ప్రతి ఎదుగుదలకీ ఒక వంట ఉంది. బోర్లా పడితే బొబ్బట్లు (మా వైపు పోలెలంటాం), కూర్చుంటే కుడుములు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు. పెద్దవాళ్లు ముచ్చటగా చెప్పుకునే వరస ఇది. అంటే పిల్లాడు ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా ఎవరో ఒకావిడ పొయ్యి ముందు కూర్చోవాలన్నమాట. మా ఇంట్లో ఆవిడ అమ్మ. నేను టెన్త్ పాసైనా, తమ్ముడికి ఉద్యోగం వచ్చినా, బాపు రిటైరైనా, మా వాడి ఇరవై ఒకటో రోజు పురుడైనా, ఆఖరికి మా ఆయన కొత్త బండి కొన్నా సరే, అమ్మ ముందురోజు రాత్రి పప్పు నానబెడితేనే అది పండగైనట్టు.

అమ్మకంటూ ఒక పండగ ఉందా అంటే, జనవరి ఒకటి ఉంది. ఆధార్ కార్డులో అమ్మ పుట్టినతేదీ అదే. అసలు తేదీ ఎవరికీ తెలీదు కాబట్టి కార్డు రాసినవాళ్లు సంవత్సరం అంచనా వేసి, ఒకటో తేదీ, ఒకటో నెల వేసేశారు. మా తమ్ముడు నాలుగైదేళ్లుగా ఆ రోజే కేక్ తెస్తున్నాడు. అమ్మ కోస్తుంది, తింటుంది, "ఇది గవర్నమెంటు పుట్టినరోజు" అంటుంది. ఆ రోజు పూరీలు, ఖుర్మా కూడా తనే చేస్తుంది.

మాది ఆలేరు దగ్గర చిన్న ఊరు. ఉప్పల్, బోడుప్పల్, పీర్జాదిగూడలలో ఎవర్ని కదిపినా భువనగిరో, జనగామో, హనుమకొండో అంటారు. ఊరి బస్సు పట్నంలోకి ఎటువైపు నుంచి వస్తుందో జనం అటువైపే ఇల్లు వెతుక్కుంటారు కదా. వరంగల్ దారి వాళ్లకి ఉప్పల్ చౌరస్తా గడప లాంటిది. బాపు నాచారం ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఫిట్టర్. ఉప్పల్ నుంచి రోజూ సైకిల్ మీద వెళ్లొచ్చేవాడు. ఎన్టీఆర్ కట్టించిన రామకృష్ణ స్టూడియో నాచారంలోనే ఉందని, మా బాపు ఎప్పటికైనా హీరోల్ని చూసొస్తాడని చిన్నప్పుడు బడిలో కోతలు కోసేదాన్ని. చూడలేదు. డ్యూటీ, సైకిల్, ఇల్లు, అంతే.

బాపు దగ్గర ఒక లెక్కల నోట్‌బుక్ ఉండేది. పాలు, బియ్యం, గ్యాసు, మా ఫీజులు. అందులో 'బస్సు' అని ఒక గడి. అమ్మ ఎక్కడికైనా వెళ్లాలంటే పోను ఎంత, రాను ఎంత అని లెక్కపెట్టి ఇచ్చేవాడు. బాపు చెడ్డోడని కాదు, ఆ జీతంలో లెక్క లేకపోతే నెలాఖరు దాటేది కాదు. కానీ బస్సు డబ్బులు అడగాలంటే ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తవ్ అనేవి కూడా చెప్పాలి. 'ఊరికే' అనేది ఆ నోట్‌బుక్‌లో రాసే కారణం కాదు. అమ్మ అందుకే ఊరికే ఎక్కడికీ వెళ్లలేదు. పెళ్లిళ్లకి, చావులకి, పురుళ్లకి వెళ్లింది. కొలనుపాక అమ్మ పుట్టింటికి నాలుగైదు కిలోమీటర్లే. అరవై ఏళ్లు దాటేదాకా ఆ గుడి లోపల ఎలా ఉంటుందో చూడలేదు.

మా ఫోన్లలో 'ఫ్యామిలీ' ఫోటోలకేం కొదవ లేదు. 2017 నవంబర్ చివర్లో మెట్రో మొదలైంది. కొద్దిరోజులకే ఒక ఆదివారం ఉప్పల్‌లో ఎక్కి అమీర్‌పేట దాకా వెళ్లొచ్చాం. చూడ్డానికే వెళ్లాం, పనేమీ లేదు. బాపు, తమ్ముడు, మా ఆయన, నేను, నా చంకలో ఏడాది పిల్లాడు. మెట్టుగూడ మలుపు దగ్గర తీసిన ఫోటోలో అందరం పళ్లికిలించి ఉంటాం. అమ్మ లేదు. వచ్చేసరికి అందరికీ ఆకలేస్తుందని ఇంట్లో ఉండిపోయింది. 'ఫుల్ ఫ్యామిలీ, ఫస్ట్ మెట్రో రైడ్' అని నేను పెట్టిన పోస్టు ఇప్పటికీ ఉంది. లైకులు కొట్టినవాళ్లలో ఒక్కరూ అడగలేదు. నాకూ తట్టలేదు.

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. లేదని కాదు, ఉంది. ఆధార్ చూపిస్తే కండక్టర్ మిషన్‌లోంచి సున్నా రూపాయల టికెట్ తీసి చేతిలో పెడతారు. ఆ నెలంతా ఎక్కడ చూసినా ఇవే జోకులు. పనీపాటా లేని ఆడవాళ్లంతా బస్సుల్లో తిరుగుతున్నారని, సీటు కోసం జుట్లు పట్టుకుంటున్నారని. మా ఆఫీసులో కూడా నడిచాయి, నేనూ నవ్వాను. మా వీధి చివర ఆటో నడిపే అన్న మాత్రం నవ్వలేదు, గిరాకీ సగానికి పడిపోయిందన్నాడు. అతని బాధ నిజం. పొద్దున ఎనిమిదిన్నరకి హబ్సిగూడలో బస్సు ఎక్కి చూస్తే రద్దీ బాధా నిజమే, నేను ఫుట్‌బోర్డు మీద వేలాడిన రోజులున్నాయి. బస్సులు పెంచకుండా జనాన్ని పెంచారు. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఈ వాదాలన్నిట్లో 'పనీపాటా లేకుండా తిరగడం' ఒక తిట్టుగానే ఉండిపోయింది. పని లేకుండా ఒక్కరోజైనా బస్సెక్కని మనిషి మా ఇంట్లోనే ఉందని నాకు ఆ నవ్వులో గుర్తు రాలేదు.

అమ్మ మొదట యాదగిరిగుట్ట వెళ్లింది, పక్కింటి అక్కతో. తర్వాత 2024 ఫిబ్రవరిలో మేడారం జాతర. జనంలో తప్పిపోతుందని నేను భయపడ్డాను. బంగారం అని పిలిచే బెల్లం నెత్తిన పెట్టుకుని వెళ్లి, మూడోరోజు గొంతు పోగొట్టుకుని వచ్చింది. ఆ తర్వాత వేములవాడ, కొమురవెల్లి. ఒకసారి ఏమీ లేకుండా జనగామ దాకా వెళ్లి, బస్టాండులో మిర్చి బజ్జీలు తిని వచ్చేశారట. ఈ సంగతి బాపు చెప్పాడు నాకు, నమ్మలేనట్టు. "బజ్జీలు ఉప్పల్‌ల దొరుకుతలేవా?" అని ఆయన ప్రశ్న. నోట్‌బుక్‌లో బస్సు గడి ఖాళీ అయిపోయింది. డబ్బులు అడగనక్కర్లేదు కాబట్టి ఎక్కడికని చెప్పనక్కర్లేదు. అమ్మ చెప్తుంది, కానీ చెప్పులేసుకున్నాక చెప్తుంది.

మా పెళ్లిరోజు సంగతికొస్తే, కేటరింగ్ వాళ్లే వండారు. మటన్ కాస్త గట్టిగా ఉంది గానీ ఎవరూ ఏమీ అనలేదు. రాత్రి ఎనిమిదింటికి అమ్మ వచ్చింది, కాళ్ల నిండా దుమ్ముతో. నేను ముభావంగా ఉన్నాను. అమ్మ పట్టించుకోలేదు. చేతులు కడుక్కుని కుర్చీలో కూర్చుని వడ్డించుకుని తింది. ఎవరో చేసిన వంట, నా ఇంట్లో, కూర్చుని. "ఉప్పు తక్వైంది" అంది. అందరూ వినేలా పచ్చరాతి మహావీరుడి గురించి చెప్పింది. అంత పెద్ద విగ్రహం, చూస్తే నవ్వుతున్నట్టే ఉంటుందంది. మా వాడు "నేనూ వస్తా అమ్మమ్మా" అన్నాడు. "దసరా సెలవులకు పోదాం, మీ అమ్మను సుత తీస్కపోదాం" అంది, నా వైపు చూడకుండా.

అలా మొన్న సెలవుల్లో ముగ్గురం బయల్దేరాం. కారులో వెళ్దామన్నాను. అమ్మ వినలేదు. ఉప్పల్‌లో హనుమకొండ ఎక్స్‌ప్రెస్ ఏది ఆలేరులో ఆగుతుందో, ఏ పక్క ఎండ పడదో అమ్మకి తెలుసు. నా ఆధార్ ఫోన్‌లో ఉంది, కండక్టరమ్మ అసలు కార్డు కావాలంది. నా సంచీలో లేదు. అమ్మ సంచీలో ఉంది. పెళ్లికి ముందు ఉప్పల్ అడ్రస్‌తో తీసిన నా పాత కార్డు, వస్తూ వస్తూ పట్టుకొచ్చింది. మాకిద్దరికీ జీరో టికెట్లు. మగపిల్లాడు, ఎనిమిదేళ్లు దాటినవాడు కాబట్టి మా వాడికి హాఫ్ టికెట్. బస్సులో డబ్బులున్న టికెట్ తనకొక్కడికే వచ్చిందని వాడికి గర్వం. వాడి టికెట్ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు అమ్మ.

2018లో పని మొదలైన ఫ్లైఓవర్ స్తంభాల మధ్య నుంచి బస్సు నారపల్లి దాకా దేకింది. ఘట్‌కేసర్ దాటాక గాలి మారింది. రోడ్డు పక్కన తంగేడు, గునుగు. పర్సులో ఆధార్ పెడుతుంటే అమ్మ దగ్గర ఒక మడత కనిపించింది. పాత జీరో టికెట్లు, రబ్బర్ బ్యాండు వేసి. సగం వాటి మీద అచ్చు ఎగిరిపోయి తెల్ల కాగితాలైపోయాయి.

"ఇవెందుకమ్మా?"

"ఏమో. పారెయ్య బుద్ధి గాలే."

బీబీనగర్ దగ్గర అడిగాను, బస్సు అంటే అంత ఇష్టమా అని. ఇష్టమే, కూర్చుంటే చాలు, అదే తీస్కపోతది అంది. తర్వాత తనంతట తనే చెప్పింది. నేను మళ్లీ ఆఫీసుకి వెళ్లడం మొదలుపెట్టినప్పుడు, మా వాడిని చూసుకోడానికి రోజూ ఉప్పల్ నుంచి నాచారం వచ్చేది కదా. హబ్సిగూడ చౌరస్తాలో దిగి షేర్ ఆటో ఎక్కాలి, పోను పది, రాను పది. బాపు ఇచ్చేవాడు. అమ్మ ఎక్కేది కాదు. చౌరస్తా నుంచి మా ఇంటి దాకా నడిచేది, చేతిలో టిఫిన్ క్యారియర్‌తో. ఆర్నెల్లు దాచింది.

"ఎందుకు దాచినవ్?"

"వాని మొదటి పుట్టినరోజుకు కడియాలు పెట్టిన గద. ఎండియి. నువ్వు అడగలే పైసలేడియని."

అడగలేదు. ఆ కడియాల ఫోటో నా దగ్గర ఉంది, వాడి కాళ్లు మాత్రమే కనిపించేలా దగ్గర నుంచి తీసింది. ఎండాకాలం మధ్యాహ్నాలు అమ్మ ఇంటికెళ్తూ రెండు గ్లాసుల నీళ్లు గటగటా తాగేది. నడవబోయే మనిషి తాగే నీళ్లని నాకెలా తెలుస్తుంది? అడిగితే తెలిసేది. ఏదో అనబోయాను. అప్పటికే అమ్మ మా వాడికి భువనగిరి కోట చూపిస్తోంది. "అగో, గదంత ఒక్కటే బండ. ఎక్కుతవా?"

కొలనుపాకలో అమ్మ మాకు అన్నీ చూపించింది. చెప్పులు ఎక్కడ విడవాలో, మంచినీళ్లు ఎక్కడుంటాయో, సోమేశ్వరుడి గుడి ఆవరణలో ఏ విరిగిన శిల్పం ముందు ఆగాలో. చాళుక్యుల కాలంలో ఇది పెద్ద పట్నమని నేను ఫోన్‌లో చూసి చెప్తుంటే, "అవునంట" అని తలూపింది, ముందే తెలిసినట్టు. మధ్యాహ్నం అమ్మ వెంట తెచ్చిన పులిహోర తినలేదు. తేలేదు కాబట్టి. ఆలేరులో హోటల్‌కి తీసుకెళ్లి ముగ్గురికీ భోజనాలు చెప్పి, బిల్లు తనే కట్టింది.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు కోసం మా వాడు ముందే ఉరికాడు. అమ్మ వెళ్లి వాడి ముందు నిలబడింది.

"లే బిడ్డా. పొయ్యేటప్పుడు నువ్వు కూసున్నవ్. ఇప్పుడు నాది."

వాడు నా వైపు చూశాడు. నేనేమీ అనలేదు. గునుస్తూ జరిగాడు. అమ్మ కూర్చుని కిటికీ అద్దం పక్కకి జరపబోయింది, బిగుసుకుపోయి ఉంది. లేచి, రెండు చేతులతో గట్టిగా నెట్టింది.